చెప్పాలా? ఊరుకోవాలా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పొద్దున్న ఎనిమిదింటివేళ మన ఇళ్ళల్లో జరిగే హడావుడి ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు. ఒకపక్క కుక్కరు కూతలు, ఒకపక్క జడలు, ఈలోగా "అమ్మా, సాక్సు ఒకటే కనబడుతోంది" అని గదిలోంచి కేక. వీధిలో బడి ఆటో హారను వినబడగానే పిల్లనీ, క్యారేజీనీ, నీళ్ళసీసానీ కలిపి అందులో కూరేసి "అమ్మయ్య" అనుకుంటాం. ఆ ఆటో సందు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతాం. తిరిగిన తర్వాత అది ఎలా వెళుతుందో మనకి తెలియదు. లోపలికొచ్చి చల్లారిపోయిన కాఫీ తాగుతాం. నేనూ మూడేళ్ళపాటు అంతే చేశాను.

2025 జూలైలో ఒక రాత్రి అన్నాలు తింటున్నాం. నాలుగో తరగతి చదువుతున్న మా చిన్నది వాళ్ళ అన్నయ్యతో గొప్పగా చెబుతోంది, "ఇవాళ నాకు ఏడు వచ్చాయి" అని. మార్కులు కాబోలు అనుకున్నాను. కాదట, బస్సులట! "ఆటో మామయ్య ఏలూరు రోడ్డు మీద ఎదురు వెళతాడు కదమ్మా, అప్పుడు మా మీదకి వచ్చేవాటిని లెక్కపెట్టుకుంటాం. ముందు చెక్క మీద కూచున్నవాళ్ళవి బస్సులు, వెనక వాళ్ళవి కార్లు. ఎక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు" అంది. రోజూ ఆడే ఆటేనట. చెప్పి మళ్ళీ అన్నంలో పెరుగు కలుపుకుంటోంది.

నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు మావారికి క్యారేజీ కట్టేసి, గబగబా నడిచి ఏలూరు రోడ్డు దగ్గర నిలబడ్డాను. విజయవాడ తెలిసినవాళ్ళకి ఆ రోడ్డు మీద పొద్దుటిపూట రద్దీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బడికి వెళ్ళే సందు డివైడరుకి అవతలి పక్కన ఉంది. సరైన దారిన పోవాలంటే ముందుకి చాలాదూరం వెళ్ళి, మలుపు తిరిగి, వెనక్కి రావాలి. మా ఆటో రానే వచ్చింది. డివైడరు తెగిన చోట ఇవతలి నుంచి దూరి, ఎదురుగా వచ్చే బండ్ల మధ్యనుంచి రెండు ఫర్లాంగులు అలా తోసుకుంటూ పోయింది. డ్రైవరు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకున్నాడు. పుస్తకాల సంచులు రెండు వైపులా బయటికి వేళ్ళాడుతున్నాయి. తలలు లెక్కపెట్టాను. పధ్నాలుగు.

ఇంటికొచ్చి మా పెద్దవాడిచేత ఒక లెక్క వేయించాను. బస్సు గంటకి 40 కిలోమీటర్లు, ఆటో 30 అనుకుంటే, రెండూ ఎదురెదురుగా వస్తున్నప్పుడు సెకనుకి అరవై అడుగులకి పైగా దగ్గరవుతాయి. మా వాటా ముందుగది నుంచి పెరటి తలుపు దాకా కొలిచినా అరవై అడుగులుండదు. ఫోనులో "ఆ, వస్తున్నా" అనే మాట పూర్తయ్యేలోపు అంత మేర మాయమైపోతుందన్నమాట.

ఇంక ఆలోచించడానికేముంది, వెంటనే ఫిర్యాదు ఇవ్వాల్సింది కదా అంటారు మీరు. దూరంనుంచి వినేవాళ్ళకి అలాగే ఉంటుంది. ఆ మనిషి ఎవరో తెలిసినప్పుడు అంత సుళువు కాదు.

అతను సింగ్ నగర్ మనిషి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఆ పేటలన్నీ రోజుల తరబడి నీళ్ళలో నానిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అతని ఇల్లు సగానికి మునిగింది. ఆటో ఇంజను నిండా బురద. ఉన్న నాలుగు సామాన్లూ పోయి, బండి బాగుచేయించుకోవడానికి అప్పు చేశాడు. అంతకుముందు ఎనిమిదిమంది పిల్లల్నే ఎక్కించుకునేవాడు. ఒకసారి మా చిన్నదానికి బళ్ళో జ్వరం వస్తే బేరం మానుకుని ఇంటికి తెచ్చి దింపి, డబ్బులిస్తే "ఎందుకమ్మగారూ, నా బిడ్డలాంటిదే" అని తీసుకోలేదు. అలాంటి మనిషి మీద పోలీసులకి కాగితం రాయడానికి చెయ్యి వస్తుందా? మీరే చెప్పండి.

ఇంట్లో అడిగాను. అత్తయ్యగారు ఒకటే మాట: "ఒకడి పొట్టమీద కొట్టకమ్మాయ్." మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "పోలీసుస్టేషను గొడవలు మనకెందుకు, పిల్లని మాన్పించెయ్, నేను దింపుతాను" అన్నారు. పై వాటా ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, "రేపు కక్ష కట్టి పిల్లనేమన్నా చేస్తే?" అని భయపెట్టింది.

మావారు చెప్పిన ఉపాయం మొదట బాగానే తోచింది. నిజం చెప్పాలంటే మనలో చాలామంది చేసేది అదే. చప్పుడు కాకుండా మన పిల్లని మనం తప్పించేసుకుంటాం. కారణం అడిగితే "వాళ్ళ నాన్నగారు దింపుతామన్నారండీ" అని నవ్వుతాం. కానీ ఆ రాత్రి పడుకుంటే మిగతా పదమూడు తలలూ కళ్ళముందు కనబడ్డాయి. చెక్క మీద మా పిల్ల పక్కన కూచునేది ఒకటో తరగతి పిల్లాడు. వాడి కాళ్ళు నేలకి అందవు. వాళ్ళమ్మ బట్టలకొట్లో పనిచేస్తుంది. ఆవిడ రోడ్డు దగ్గర నిలబడి చూసి రాలేదు, నేను చూసి వచ్చాను. చూసినదాన్ని నేను, చూడనిది ఆవిడ. అక్కడే నా నిద్ర పోయింది.

మనదేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం లెక్క. అంటే గంటకి పంతొమ్మిదిమంది. అందులో నూటికి డెబ్భై ఒక్కమంది అతివేగం వల్ల పోయినవాళ్ళు. నడిచి వెళుతూ పోయినవాళ్ళే ముప్ఫైరెండు వేలకి పైన. వాళ్ళలో చాలామంది చేసిన తప్పు ఏమిటి? రోడ్డు దాటడం, పక్కన నిలబడటం, ఎవరో నడిపే బండిలో కూచోవడం.

సరే, ముందు అతనితోనే మాట్లాడదామనుకున్నాను. అందరం ఒకటి మరిచిపోతాం, ఫిర్యాదుకి ముందు మాట అనేది ఒకటి ఉంది. అయితే ఆ మాట ఎప్పుడు చెప్పాలన్నదీ చూసుకోవాలి. బండి నడుపుతున్నప్పుడు వెనకనుంచి కేకలేస్తే అతను ఇంకా కంగారుపడతాడు. నలుగురిలో అడిగితే పరువు పోయిందని మొండికేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం కబురుపెట్టి, మజ్జిగ ఇచ్చి అడిగాను. "మా పిల్ల బస్సులు లెక్కపెడుతోందిట బాబూ" అన్నాను. అతని మొహం మాడిపోయింది. "తప్పేనమ్మగారూ, టైము చాలట్లేదు, ఇంక వెళ్ళను" అన్నాడు. వారం రోజులు వెళ్ళలేదు కూడా. ఎనిమిదోరోజు చిన్నదాన్ని అడిగితే, "ఇవాళ బస్సులు నాలుగే" అంది.

అప్పుడు కూచుని అతని లెక్క వేశాను. నెలకి మనిషికి 1,200 రూపాయలు. ఎనిమిదిమందికి 9,600. పధ్నాలుగు మందికి 16,800. తేడా 7,200. అతని అప్పు వాయిదా నెలకి ఏడువేలు. ఆ ఎక్కువ ఎక్కిన ఆరుగురు పిల్లలే అతని వాయిదా! తొందరంతా అక్కడినుంచి వచ్చింది. ఎదురుదారీ అక్కడినుంచే. మరి ఆ 1,200 ఎవరు నిర్ణయించారు? కిందటేడు 1,500 అడిగితే సందులోని తల్లులందరం ఒక్కటై, "పక్క ఆటోవాడు తక్కువకే వస్తున్నాడు" అని బేరమాడి దించాం. ఆ బేరంలో ముందు నిలబడ్డదాన్ని నేనే. కూరలబండి దగ్గర చూపించే చాకచక్యమే పిల్లల ఆటో దగ్గరా చూపించాను.

అందుకని తల్లులందర్నీ మా వాకిట్లోకి పిలిచాను. తొమ్మిదిమంది వచ్చారు. కూలీ పెంచుదాం, పిల్లల్ని తగ్గించమందాం, రెండు విడతలుగా తిప్పమందాం అన్నాను. కొందరు సరేనన్నారు. ఒకావిడ "మీకేం, ఇస్తారు" అని లేచి వెళ్ళిపోయింది. ఆవిడది అబద్ధం కాదు, ఇద్దరు పిల్లలున్నవాళ్ళకి నెలకి వెయ్యి రూపాయలు ఎక్కువ భారమే. ఇంకొకావిడ తన పిల్లవాణ్ణి మర్నాడే ఇంకా చవకైన ఆటోకి మార్చేసింది. అందులో పదహారుమందిట.

ఈలోగా నేను చట్టం ఏమంటోందో తెలుసుకున్నాను. మనకి చట్టం అనగానే వకీళ్ళ వ్యవహారమనిపిస్తుంది గానీ, ఇది తెలుసుకోతగ్గదే. మోటారు వాహనాల చట్టం 1988లోది. 2019లో దాన్ని సవరించి కఠినం చేశారు. అందులో 184వ సెక్షను ప్రమాదకరంగా నడపడం గురించి. ఎర్రదీపం దాటిపోవడం, నడుపుతూ చేతిలో ఫోను వాడటం, వచ్చే బండ్లకి ఎదురు వెళ్ళడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. మొదటిసారికి ఆరునెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి నుంచి ఐదువేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వెయ్యవచ్చు. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే ఇంకా ఎక్కువ. ఇది చదివాక నా గుండె ఇంకాస్త బరువెక్కింది. జైలన్న మాట కాగితం మీద చూసినప్పుడు అతని పెళ్ళాంబిడ్డలు గుర్తుకొచ్చారు.

ఇంకో సంగతీ తెలిసింది. 1997లో ఢిల్లీలో ఒక బడి బస్సు యమునలో పడిపోయాక, సుప్రీంకోర్టు అక్కడి బడి బస్సులకి కొన్ని షరతులు పెట్టింది. వేగానికి గానీ, తాగి నడిపినందుకు గానీ, ప్రమాదకరంగా నడిపినందుకు గానీ ఒక్కసారి చలానా పడ్డ మనిషిని కూడా బడి బస్సు మీద డ్రైవరుగా పెట్టుకోకూడదని అందులో ఒకటి. చాలా మంచి షరతు. కానీ ఆలోచించండి, చలానా అంటూ ఉంటేనే కదా అది పనిచేసేది? చూసినవాళ్ళందరం పోనీలే పాపం అని ఊరుకుంటే, ఎంతటివాడి కాగితమైనా కడిగిన ముత్యంలాగే కనబడుతుంది. రేపు ఇంకో బడివాళ్ళు ఆ కాగితం చూసే ఉద్యోగం ఇస్తారు.

అలాగని రోడ్డు మీద జరిగే ప్రతి చిన్నదానికీ ఫోనెత్తమని నేను అనను. ఎవరికైనా ఒకరోజు పొరపాటు జరుగుతుంది. మలుపు దగ్గర దీపం వెయ్యడం మరచిపోయినవాడూ, గుంత తప్పించబోయి పక్కకి ఒరిగినవాడూ దోషులు కారు. నేను చూసేది రెండు విషయాలు. అతనికది అలవాటా? దెబ్బతగిలేది ఎవరికి, అతనికా, ఏమీ చెయ్యని ఇంకొకరికా? ఒకవేళ డ్రైవరు తాగి ఉన్నాడనుకోండి, స్టీరింగు మీద కునుకుతున్నాడనుకోండి, అప్పుడు ఈ తర్జనభర్జనలేమీ వద్దు. 112కి ఫోను చేసి బండి నంబరు, ఏ రోడ్డు మీద ఎటువైపు వెళుతోందో చెప్పెయ్యడమే. మజ్జిగలిచ్చి మాట్లాడే వ్యవహారం కాదది.

రాసి ఇచ్చే ఫిర్యాదుకైతే కోపం అక్కర్లేదు, వివరాలు కావాలి. "పిచ్చిగా నడుపుతున్నాడు" అంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. తేదీ, వేళ, రోడ్డు పేరు, ఎటునుంచి ఎటు, బండి నంబరు, సరిగ్గా ఏం చేశాడు, ఇవి చాలు. నంబరు మొత్తం గుర్తుండదు మనకి. చివరి నాలుగంకెలూ, వాటి ముందున్న అక్షరాలూ పట్టుకోండి. మొదట్లో రాష్ట్రం గుర్తు ఉంటుంది. మన ఆంధ్రలో 2019 నుంచి కొత్త బండ్లకి జిల్లాతో పనిలేకుండా ఏపీ 39 వచ్చింది. తెలంగాణవి 2014 నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. అద్దెకి తిరిగే బండికి పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటాయి. నేను పాలలెక్క రాసే క్యాలెండరు మీదే రాసుకున్నాను, అర లీటర్ల పక్కనే ఆటో రాంగ్ రూటు వెళ్ళిన రోజులూను. ఎంపరివాహన్ అని కేంద్ర ప్రభుత్వం యాప్ ఒకటుంది. అందులో నంబరు కొడితే ఆ బండికి బీమా ఎప్పటిదాకా ఉందో, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. పిల్లల్ని ఎక్కించేముందు చూసుకోవడం మంచిది. ఇదంతా నేను మూడేళ్ళ తర్వాత చేశాను. ఆర్టీసీ బస్సు సంగతైతే డిపో పేరు బస్సు మీదే ఉంటుంది, డిపో మేనేజరుకి ఒక కార్డుముక్క రాసినా చాలు. అన్నట్టు, మీరు స్కూటరు నడుపుతూ ముందు బండివాడి ఫోటో తియ్యబోకండి. అప్పుడు ఫిర్యాదు మీ మీద రాయాల్సి వస్తుంది.

ఇక్కడ ఒకమాట నిష్ఠూరంగా చెప్పాలి. ఆటోల మీదా, సామాను బండ్ల మీదా రాయడానికి మన చెయ్యి ఎంత తేలిగ్గా లేస్తుందో, నల్లద్దాల పెద్ద కారు మీద అంత తేలిగ్గా లేవదు. కారువాడు ఎవరి తాలూకో ఏమో అని జంకుతాం. ఈ క్యాలెండరు లెక్క మొదలెట్టాక మా వీధి చివర రోజూ ఎర్రదీపం దాటిపోయే కారు నంబరు కూడా రాశాను. ఆటో మీద రాయగలిగి దాని మీద రాయలేకపోతే నా బాధంతా పిల్లల గురించి కాదన్నమాటేగా.

చివరికి ఏం చేశానంటే, అతన్ని మళ్ళీ పిలిచాను. "సోమవారం దాకా చూస్తాను బాబూ. ఆ తర్వాత ఎదురుదారిలో కనబడితే ట్రాఫిక్ పోలీసులకి రాసి ఇస్తాను. నీకు చెప్పకుండా మాత్రం రాయను" అన్నాను. అతను మాట్లాడకుండా తల వంచుకుని వెళ్ళాడు. బుధవారం మళ్ళీ వెళ్ళాడు. గురువారం రాసి ఇచ్చాను. ఒక నకలు బడి హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఇచ్చాను. మావారు స్టేషను మెట్లదాకా వచ్చి బయటే నిలబడ్డారు, అదే పదివేలు. లోపలున్నాయన ఓపిగ్గానే రాసుకున్నాడు. "రోజూ వచ్చి చెప్పేవాళ్ళుండరమ్మా" అన్నాడు.

అతన్ని పిలిపించారు. జరిమానా పడింది, ఒకరోజు బేరం పోయింది, వెనక అదనంగా బిగించిన చెక్క ఊడదీయించారు. నెలరోజులు అతను నాతో మాట్లాడలేదు. పిల్లని ఎక్కించుకునేవాడు, దింపేవాడు, మొహం మాత్రం పక్కకి తిప్పుకునేవాడు. పై వాటా ఆవిడ భయపడినట్టు పిల్లనేమీ అనలేదు. అత్తయ్యగారు మాత్రం రెండురోజులు నాతో ముభావంగా ఉన్నారు. నాకూ, నిజం చెబుతున్నాను, గర్వంగా ఏమీ లేదు. జరిమానా కట్టిన రోజున వాళ్ళింట్లో ఏం వండుకున్నారో అనిపించింది.

ఇప్పుడు పదిమంది పిల్లలు మిగిలారు. ఐదుగురు చొప్పున రెండు విడతలు. మొదటి విడతవాళ్ళు ఇరవై నిమిషాలు ముందు వెళ్ళాలి, మా ఇంట్లో జడలు ఇంకా ముందు మొదలౌతున్నాయి. మనిషికి 1,700 ఇస్తున్నాం. అతని చేతికి వచ్చేది 17,000, అంటే పధ్నాలుగు మందిని కుక్కినప్పటికంటే రెండొందలు ఎక్కువే. కానీ రెండు విడతల గ్యాసు ఖర్చు అతనికి పెరిగింది. ముగ్గురు ప్రయాణికులకి అనుమతిచ్చిన బండిలో ఐదుగురన్నా ఎక్కువే, ఆ సంగతీ ఒప్పుకోవాలి. డివైడరు చుట్టూ తిరిగే వెళుతున్నాడు. చిన్నది, "ఇప్పుడేం తోచట్లేదమ్మా, అన్నీ మనం వెళ్ళే వైపే వెళుతున్నాయి" అంటోంది.

దసరా సెలవులయ్యాక ఒకనాడు సాయంత్రం పిల్లని దింపి, అతను వెళ్ళకుండా గేటు దగ్గర నిలబడ్డాడు. అన్నాళ్ళకి మాట్లాడబోతున్నాడని సంతోషంగా ఎదురువెళ్ళాను.

"ఒక మాటడుగుతానమ్మగారూ, కోపం తెచ్చుకోకండి. నామీద రాశారు, సరే, నా తప్పే. మరి అబ్బాయిగారి సంగతేంటి? రాత్రిళ్ళు బీసెంటు రోడ్డు వైపు చూస్తున్నాను. స్కూటరు మీద ముగ్గురు. హెల్మెట్లు లేవు."

అబ్బాయిగారంటే మా పెద్దవాడు. ఇంటరు మొదటి సంవత్సరం. వాడికి పదహారేళ్ళు. ట్యూషనుకి దూరమని బండి ఇచ్చింది ఎవరు? నేనే. మావారు వద్దంటే "అందరి పిల్లలూ వెళ్ళట్లేదా" అని నచ్చజెప్పింది కూడా నేనే. 199ఏ సెక్షను కూడా ఆ చట్టంలోదే. మైనరు బండి నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 184 వెతికిన పుస్తకంలోనే అదీ ఉంది. ఆ పేజీ దాటి చదివాను, నాకు సంబంధించింది కాదనుకున్నాను.

"సోమవారం దాకా చూస్తారా?" అని అడిగాను.

అతను నవ్వాడు. ఆటో స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే స్కూటరు తాళం తీసి బియ్యండబ్బాలో అడుగున పెట్టాను. మావాడు మూడురోజులు అన్నం దగ్గర అలిగాడు. నాలుగోరోజు అటక మీదనుంచి పాత సైకిలు దింపి, టైర్లు మార్పించుకోవడానికి ఐదొందలు అడిగాడు. బేరమాడకుండా ఇచ్చాను.